సరళీ వరుసలకు ముందు శ్రుతి, తాళం
ఐదారేళ్ల పిల్లలకు కర్ణాటక సంగీతం నేర్పడం కొత్తగా మొదలుపెట్టినవారు, తమ గొంతుకు అలవాటైన శ్రుతిలోనే (పాటకు ఆధారమైన స్వర స్థాయిలోనే) పాడించకుండా, కింది షడ్జమం (స స్వరం) అణగిపోకుండా, పై షడ్జమానికి అరవాల్సిన అవసరం రాకుండా బిడ్డ గొంతు ఏ శ్రుతిలో హాయిగా పలుకుతుందో ముందుగా చూసుకోవడం మంచిది. మాయామాళవగౌళ రాగంలో సరళీ వరుసలు (మొట్టమొదటి స్వర అభ్యాసాలు) అందుకునే ముందు ఆదితాళాన్ని కొన్నాళ్లు అంకెలతోనే వేయించాలి: ఒక దెబ్బ, చిటికెన వేలి నుంచి మూడు వేళ్ల లెక్క, ఆపై ఒక దెబ్బ, ఒక విసురు (అరచేయి తిప్పడం) చొప్పున రెండుసార్లు, మొత్తం 8 అక్షరాలు (లెక్కలు). చిటికెన వేలితో పాటు ఉంగరపు వేలు కూడా ముడుచుకుపోవడం ఈ వయసులో సహజమే కనుక గద్దించనక్కరలేదు. లెక్కించాల్సిన వేలిని మెల్లగా తాకి చూపిస్తే చాలు. చేయి తడబడకుండా నడిచాకే స్వరం కలపాలి, అదీ మొదటి కాలంలోనే (నెమ్మది వేగంలోనే). రెట్టింపు వేగమైన రెండో కాలం ఎప్పుడని తల్లిదండ్రులు తొందరపెట్టినా ఆగవచ్చు.