రగ్బీ లీగ్ ప్లేయర్‌గా స్థిరపడాలంటే ఏం చేయాలి?

2025లో హైదరాబాద్ హీరోస్ ఆడిన రగ్బీ ప్రీమియర్ లీగ్ చూసి ఇటు రావాలనుకునేవాళ్లు ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. అది రగ్బీ యూనియన్‌లో ఏడుగురితో ఆడే ఆట. రగ్బీ లీగ్ వేరు. జట్టుకు 13 మంది, 80 నిమిషాల మ్యాచ్, ఆరు ట్యాకిల్స్ (బంతి ఉన్నవాణ్ని పట్టి ఆపడం) పూర్తయితే బంతి అవతలి జట్టుకు వెళ్లిపోతుంది. 1895లో ఇంగ్లండ్‌లోని హడర్స్‌ఫీల్డ్‌లో ఉత్తరాది క్లబ్బులు యూనియన్ నుంచి విడిపోయి ఈ దారి పట్టాయి. మ్యాచ్ కోసం పని మానుకున్న కార్మికుడికి పోయిన కూలి కట్టివ్వాలా వద్దా అన్నదే అప్పటి గొడవ. డబ్బుల పేచీలో పుట్టిన ఆట కాబట్టి డబ్బుల సంగతి ఇక్కడ ఎవరూ మొహమాటపడకుండా మాట్లాడతారు.

ఇండియాలో దీన్ని జీతానికి ఆడే అవకాశం లేదు. ఆస్ట్రేలియాలో ఎన్‌ఆర్‌ఎల్ (నేషనల్ రగ్బీ లీగ్), ఇంగ్లండ్‌లో సూపర్ లీగ్ ఉన్నాయి. సిడ్నీలో పారమాటా, వెస్ట్‌మీడ్, వెంట్‌వర్త్‌విల్ వైపు తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి కాబట్టి ఇక్కడ సిడ్నీ దారే చెబుతున్నాను.

1. మీ ఏరియా జూనియర్ క్లబ్‌లో చేరండి

పెద్ద క్లబ్ ఆఫీసుకు మెయిల్ పెట్టి లాభం లేదు. సిడ్నీలో ప్రతి ప్రొఫెషనల్ క్లబ్‌కూ ఒక జిల్లా, ఆ జిల్లా కింద జూనియర్ క్లబ్బులు ఉంటాయి. వెంట్‌వర్త్‌విల్‌లో ఆడే పిల్లాడు పారమాటా ఈల్స్ కంట్లో పడతాడు, మౌంట్ డ్రూయిట్ పిల్లాడు పెన్రిత్ పాంథర్స్ కంట్లో పడతాడు. 2021 నుంచి 2024 వరకు వరసగా నాలుగు టైటిళ్లు గెలిచిన పాంథర్స్‌లో జెరోమ్ లువాయ్, బ్రయన్ టోవో ఆ చుట్టుపక్కల పెరిగినవాళ్లే. ఇది చలికాలం ఆట. వేసవిలో క్రికెట్ ఆడుకునే పిల్లలకు రెండూ కుదురుతాయి.

2. ట్యాకిల్ సరిగ్గా నేర్చుకోండి

పరుగు అందరూ చూస్తారు, సెలెక్టర్లు మాత్రం ట్యాకిల్ చూస్తారు. కబడ్డీ ఆడినవాళ్ల చేతులు ముందు చీలమండ కోసం వెతుకుతాయి. ఇక్కడ ముందు పని భుజానిది. చూపు ఎదుటివాడి నడుము మీద ఉండాలి. మీ ముందు పాదం అతనికి బాగా దగ్గరగా పడాలి. భుజం తగిలాకే చేతులు చుట్టాలి, కాళ్లు నెడుతూనే ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం తల. అది అతని శరీరానికి వెనక వైపు ఉండాలి. పొరపాటున ముందు వైపు పెడితే అతని మోకాలో తుంటి ఎముకో నేరుగా కణతకు తగులుతుంది. కోచ్ ఈ ఒక్క విషయం మళ్లీ మళ్లీ చెప్పి విసిగిస్తున్నాడంటే మంచి కోచ్ దొరికినట్టే.

రెండో పని, బంతి మీ దగ్గరుండి ట్యాకిల్‌కు పడ్డాక లేవడం. లేచి నిలబడి, బంతి నేల మీద పెట్టి, కాలితో వెనక్కి దొర్లించాలి. ఈలోపు అవతలివాళ్లు పది మీటర్లు వెనక్కి వెళ్లాలి. మీరు ఎంత త్వరగా లేస్తే వాళ్లకు సర్దుకునే టైమ్ అంత తగ్గుతుంది.

3. వయసు మెట్లు ఎక్కండి

అబ్బాయిలకు అండర్-17 హెరాల్డ్ మాథ్యూస్ కప్, అండర్-19 ఎస్‌జీ బాల్ కప్, అండర్-21 జెర్సీ ఫ్లెగ్, ఆపైన క్లబ్బుల రిజర్వ్ జట్లు ఆడే న్యూ సౌత్ వేల్స్ కప్. అమ్మాయిలకు లీసా ఫియోలా, టార్షా గేల్ కప్పులు ఉన్నాయి. 2018లో మొదలైన మహిళల ఎన్‌ఆర్‌ఎల్‌కు దారి అటునుంచే.

పదిహేనేళ్లకు ఎంపిక కాకపోతే ఇంట్లో టెన్షన్ పడతారు. అంత అక్కర్లేదు. ఆ వయసులో త్వరగా ఒళ్లు పెరిగినవాడు నెగ్గుకొస్తాడు, అంతే. జొనాథన్ థర్స్టన్‌ను సన్నగా ఉన్నాడని చాలా క్లబ్బులు వద్దన్నాయి. అదే థర్స్టన్ ఏడాది ఉత్తమ ఆటగాడికిచ్చే డాలీ ఎమ్ మెడల్ నాలుగుసార్లు అందుకున్నాడు, 2015 ఫైనల్ సమంగా ముగిసి అదనపు సమయంలోకి వెళ్తే, ముందు పాయింట్ సాధించినవాళ్లే గెలిచే గోల్డెన్ పాయింట్‌లో బంతిని తన్ని గోల్ కొట్టి నార్త్ క్వీన్స్‌లాండ్ కౌబాయ్స్‌కు గెలిపించాడు.

ఎన్‌ఆర్‌ఎల్‌లో ఆడాలంటే మామూలుగా 18 నిండాలి. 2021లో జోసెఫ్ సువాలీకి మినహాయింపు ఇచ్చి 17 ఏళ్లకే ఆడించారు, కానీ అలాంటివి అరుదు.

4. కాంట్రాక్ట్ చదవండి, పక్కన ఎవరున్నారో కూడా చూడండి

గుర్తింపు ఉన్న ఏజెంట్‌నే పెట్టుకోండి. ప్రతి క్లబ్‌కూ మొత్తం జీతాల మీద పరిమితి ఉంటుంది. స్టార్‌కు ఎక్కువ ఇచ్చారంటే ఆ మేరకు కొత్తవాడి దగ్గర తగ్గిస్తారు. చాలామంది కుర్రాళ్లు నవంబర్‌లో మొదలయ్యే ప్రీ-సీజన్‌కు ట్రెయిన్-అండ్-ట్రయల్ (ప్రాక్టీసు చేయించి చూసే) ఒప్పందం మీద వస్తారు. సీజన్‌కు ముందు నచ్చితే ఉంచుతారు, లేకపోతే పంపేస్తారు.

నా దృష్టిలో అంకె కంటే ముందు అడగాల్సింది, మీ పొజిషన్‌లో మీకంటే ముందు ఎంతమంది ఉన్నారని. మీరు హాఫ్‌బ్యాక్ (జట్టు దాడిని నడిపించే ఆటగాడు) అయి ఆ క్లబ్‌లో పాతికేళ్ల స్టార్ హాఫ్‌బ్యాక్‌కు ఇంకా నాలుగేళ్ల కాంట్రాక్ట్ ఉందంటే, పదివేల డాలర్లు ఎక్కువ ఇచ్చినా మీకు దక్కేది రిజర్వ్ జట్టే. జట్లు ప్రకటించేది మంగళవారం సాయంత్రం. ఆ లిస్టులో పేరు లేని వారాలు పెరిగేకొద్దీ తర్వాతి కాంట్రాక్ట్ చిక్కిపోతుంది. కాంట్రాక్ట్ చివరి ఏడాదికి ముందు నవంబర్ 1 నుంచి వేరే క్లబ్బులతో మాట్లాడుకోవచ్చు. ఆ తేదీ గుర్తుంచుకోండి.

5. తలకు దెబ్బ తగిలితే దాచకండి

దెబ్బ తగిలిన ఆటగాడిని బయటికి తీసుకెళ్లి 15 నిమిషాలు పరీక్షిస్తారు. కంకషన్ (దెబ్బకు మెదడు అదరడం) అని తేలితే 2023 నుంచి సాధారణంగా కనీసం 11 రోజులు ఆటకు దూరంగా ఉండాలి. చోటు పోతుందేమోనని దాచేవాళ్లున్నారు, అది శుద్ధ తెలివితక్కువ పని. సిడ్నీ రూస్టర్స్‌కు 2018, 2019 టైటిళ్లు గెలిపించిన కెప్టెన్ బాయ్డ్ కోర్డ్‌నర్ వరస కంకషన్ల వల్ల 2021లో, 29 ఏళ్లకే రిటైరయ్యాడు.

6. రెండో పని చేతిలో ఉంచుకోండి

రిజర్వ్ గ్రేడ్ డబ్బుతో సిడ్నీలో ఇల్లు గడవదు. పగలు ఎలక్ట్రీషియన్‌గానో ప్లంబర్‌గానో పనిచేసి సాయంత్రం ప్రాక్టీసుకు వచ్చేవాళ్లు మామూలే. చదువైనా సరే, ఏదైనా ట్రేడ్ కోర్సు అయినా సరే, ఇరవై ఏళ్లలోపే మొదలుపెట్టండి. ముప్పై దాటాక ఎన్‌ఆర్‌ఎల్‌లో చోటు దొరకనివాళ్లు కొందరు ఇంగ్లండ్ సూపర్ లీగ్‌కు వెళ్లి ఇంకొన్ని సీజన్లు ఆడతారు. మీకూ ఆ ఆలోచన ఉంటే ఏజెంట్‌తో ముందే చెప్పండి. అక్కడ జట్టులో విదేశీ ఆటగాళ్ల కోటా ఉంటుంది, అది నిండిపోయాక ఎంత పేరున్నవాడికైనా కష్టమే.