చలికాలం, సంక్రాంతి ప్రయాణాల ముందు: హెచ్‌ఐవీ మందులు వాడేవాళ్లకు గుండె జాగ్రత్తలు

పోయిన నెల మా దగ్గరికి వచ్చే ఒకాయనకు మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చింది. అంతకు వారం ముందు నుంచే తొడలు, పిక్కలు పట్టేసి మంచం మీంచి లేవలేకపోయాడు. వయసు 48. పద్నాలుగేళ్లుగా ఏఆర్‌టీ మందులు, అంటే హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందులు, తప్పకుండా వేసుకుంటున్న మనిషి. మొదట ఇచ్చిన మందులు పనిచేయడం తగ్గితే రెండో లైన్‌కి మార్చారు, అందులో అటాజనవిర్, రిటోనవిర్ ఉన్నాయి. వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ లెక్క, చాలాకాలంగా అదుపులోనే ఉంది.

కొలెస్ట్రాల్ ఎక్కువుందని ఒక క్లినిక్‌కి వెళ్లాడు. "వేరే మందులేమైనా వాడుతున్నారా?" అని డాక్టర్ అడిగారు. "ఏమీ లేదండి" అన్నాడు. ఆ డాక్టర్ అటోర్వాస్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మాత్ర పెద్ద మోతాదులో రాశారు. వేరేవాళ్లకైతే అది మామూలు చీటీయే. రిటోనవిర్ వాడే మనిషిలో మాత్రం లివర్ ఆ మందును త్వరగా అరగదీయలేదు. అది రక్తంలో పేరుకుపోయింది. కండరాలు దెబ్బతిని, వాటిలోంచి వచ్చిన పదార్థం కిడ్నీలను దెబ్బకొట్టింది. ఆసుపత్రిలో రెండు రోజులు కారణం దొరకలేదు. భార్య మంచం పక్కనే ఉంది. ఆమెకు అంతా తెలుసు. మరిది నిలబడి ఉన్నాడని నోరు విప్పలేదు. మూడో రోజు ఉదయం నర్సును వరండాలోకి పిలిచి చెప్పింది.

ఇప్పుడు డయాలసిస్ ఆపేశారు, ఆయన మెల్లగా నడుస్తున్నాడు. కానీ ఆ రెండు రోజుల్లో ఆ మనిషి పోయి ఉండవచ్చు.

ఏఆర్‌టీ కౌన్సెలింగ్ పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. సిగరెట్ మానండి, నూనె తగ్గించండి, నడవండి అని ఇక్కడ చెప్పను. అవి మీకు తెలుసు, సెంటర్‌లో వినీ వినీ విసుగెత్తి ఉంటారు. నేను చెప్పేది ఒక్క తప్పు గురించి. మందులు దాచడం. గుండె డాక్టర్ దగ్గర ఏఆర్‌టీ మందులు దాచడం, ఏఆర్‌టీ డాక్టర్ దగ్గర గుండె మందులు దాచడం, పండక్కి ఊరెళ్లి చుట్టాల దగ్గర మందుల డబ్బా దాచి, ఆ దాచే కంగారులో వేసుకోవడమే మానేయడం.

ఇప్పుడే ఎందుకు చెబుతున్నానంటే చలి ముదురుతోంది. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, బీపీ పెరుగుతుంది, గుండెపోట్లు ఈ కాలంలో ఎక్కువ. పైగా సంక్రాంతి వస్తోంది.

మన గుండెకు ముప్పు ఎక్కడిది

హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు గుండె జబ్బు వచ్చే అవకాశం లేనివాళ్లకంటే దాదాపు రెట్టింపు. వైరల్ లోడ్ కనిపించనంత తగ్గిన తర్వాత కూడా ఈ ముప్పు పూర్తిగా పోదు. వైరస్ రక్తంలో కనిపించకపోయినా ఒంట్లో దాక్కుని ఉంటుంది. రోగనిరోధక వ్యవస్థ దానితో నిత్యం పోరాడుతూనే ఉంటుంది. ఆ పోరు వల్ల పుట్టే సన్నటి వాపు రక్తనాళాల లోపలి గోడను ఏళ్ల తరబడి గీకుతూ ఉంటుంది. గీకినచోట కొవ్వు పేరుకుంటుంది. అందుకే మనవాళ్లలో కొలెస్ట్రాల్ రిపోర్టు మరీ భయపెట్టేలా లేకపోయినా గుండెపోటు వస్తోంది.

మన దేశంలో ఉచిత ఏఆర్‌టీ 2004 ఏప్రిల్‌లో మొదలైంది. అప్పట్లో ముప్పై ఏళ్ల వయసులో మందులు మొదలుపెట్టినవాళ్లకు ఇప్పుడు యాభై దాటింది. ఆ రోజుల్లో స్టావుడిన్ అనే పాత హెచ్‌ఐవీ మందు వాడి బుగ్గలు లోపలికి పోయి పొట్ట పెరిగినవాళ్లు నాకు ఎందరో గుర్తున్నారు. వాళ్లు టీబీకీ జ్వరాలకీ తట్టుకుని బతికారు. అలాంటివాళ్లను ఇప్పుడు గుండె తీసుకుపోతుంటే చూడలేకపోతున్నాను.

పై కథ విని "కొలెస్ట్రాల్ మాత్రే వద్దు" అనుకుంటే అది ఇంకో ప్రమాదం. రిప్రీవ్ అనే పెద్ద పరిశోధన ఫలితాలు 2023లో వచ్చాయి. ఇండియాతో సహా 12 దేశాల్లో, 40 నుంచి 75 ఏళ్ల మధ్య వయసున్న 7,769 మంది హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు అందులో ఉన్నారు. వాళ్లలో గుండె ముప్పు పెద్దగా లేనివాళ్లనే తీసుకున్నారు. సగం మందికి రోజూ పిటవాస్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మాత్ర 4 మిల్లీగ్రాములు ఇచ్చారు. ఇలాంటి మాత్రలనే స్టాటిన్లు అంటారు. మిగతా సగంతో పోలిస్తే వాళ్లలో గుండెపోటు, పక్షవాతం లాంటి పెద్ద ఘటనలు 35 శాతం తగ్గాయి. లాభం అంత స్పష్టంగా కనిపించడంతో పరిశోధనను అనుకున్నదానికంటే ముందే ఆపారు. కాబట్టి నలభై దాటితే "నాకు స్టాటిన్ అవసరమా?" అని మీరే అడగండి. రిపోర్టులో అంకె బాగానే ఉందని వదిలేయకండి. సరైన స్టాటిన్, సరైన మోతాదు కావాలి. అది రాయాలంటే డాక్టర్‌కి మీ మిగతా మందుల పేర్లు తెలియాలి.

దాచకండి

సెంటర్‌లో ఎక్కువమందికి ఇప్పుడు టీఎల్‌డీ ఇస్తున్నారు, అంటే టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రవిర్ కలిసిన ఒక్క మాత్ర. దానికీ స్టాటిన్లకూ పెద్దగా పేచీ లేదు. అసలు పేచీ రిటోనవిర్‌తో. రెండో లైన్‌లో ఉన్నవాళ్ల మందుల్లో, అటాజనవిర్, లోపినవిర్, డరునవిర్ ఏదైనా సరే, పక్కన ఇది ఉంటుంది. ఇది లివర్‌లో మందులను అరగదీసే ఎంజైమును ఆపుతుంది. హెచ్‌ఐవీ మందు బలంగా పనిచేయాలని దీన్ని కావాలనే కలుపుతారు. కానీ అది పక్కనున్న ఇతర మందులనూ వదలదు.

రిటోనవిర్ వాడేవాళ్లు సిమ్వాస్టాటిన్, లోవాస్టాటిన్ అసలు ముట్టకూడదు. అటోర్వాస్టాటిన్ అయితే తక్కువ మోతాదుతోనే మొదలుపెట్టాలి. అటాజనవిర్ గానీ లోపినవిర్ గానీ ఉంటే రోసువాస్టాటిన్ రోజుకు 10 మిల్లీగ్రాములు దాటకూడదు. స్టెంట్ వేశాక రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్ సంగతి ఇంకా దారుణం. రిటోనవిర్ ఉంటే అది సరిగా పనిచేయదు, స్టెంట్ మళ్లీ మూసుకుపోవచ్చు. అదే పనికి వాడే టికాగ్రెలార్ అయితే రక్తంలో మితిమీరి పెరిగి రక్తస్రావం తెస్తుంది. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ ప్రభావం కూడా పెరుగుతుంది, కాళ్లవాపు, కళ్లు తిరగడం రావచ్చు. వీటన్నిటికీ బదులు మందులున్నాయి, మోతాదు మార్చే దారులున్నాయి. డాక్టర్‌కి తెలిస్తే మారుస్తారు.

"ఆపరేషన్‌కి ముందు రక్తపరీక్ష చేస్తారుగా, వాళ్లకే తెలిసిపోతుంది" అని కొందరంటారు. ఆ పరీక్షలో తెలిసేది జబ్బు ఉందని మాత్రమే. మీరు ఏ మందు వాడుతున్నారో రక్తపరీక్ష చెప్పదు. మీరే చెప్పాలి.

చెప్పడం కష్టమని నాకు తెలుసు. ఊళ్లో క్లినిక్ అంటే కాంపౌండర్ మీ వీధివాడే అయి ఉంటాడు. అందుకని ఇలా చేయండి. మందుల డబ్బా మీదున్న పేర్లు, మోతాదులు ఒక కాగితం మీద రాసుకోండి. జబ్బు పేరు రాయక్కర్లేదు. లోపలికి వెళ్లాక, "డాక్టర్ గారూ, ఒక్క నిమిషం మీతో విడిగా మాట్లాడాలి" అనండి. వెంట వచ్చినవాళ్లను బయట కూర్చోమనండి. కాగితం చేతికిచ్చి, "ఇవి రోజూ వాడుతున్నాను, మీరు రాసేది వీటితో పడుతుందా చూడండి" అనండి. అంతే. పేర్లు చూడగానే డాక్టర్‌కి అర్థమవుతుంది.

2017లో చేసిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. హెచ్‌ఐవీ ఉందని వైద్యం నిరాకరించడం, వివక్ష చూపడం ఆ చట్టం ప్రకారం నేరుగా నిషేధం. మీ అనుమతి లేకుండా మీ విషయం బయటపెట్టకూడదు. ఎవరైనా అలా చేస్తే మీ కౌన్సెలర్‌కి చెప్పండి, లేదా 1097 ఉచిత హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి. ఒక డాక్టర్ ముఖం చిట్లించారని ఇంకో డాక్టర్ దగ్గర దాచకండి. నేను చూసిన నష్టాల్లో ఎక్కువ భాగం అక్కడే మొదలయ్యాయి.

ఊరెళ్లేముందు

ప్రతి ఏడాదీ జనవరి చివర్లో ఇదే మాట వింటాను. "అత్తగారింట్లో అందరూ ఒకే గదిలో పడుకున్నాం మేడమ్, మాత్ర తీయడం కుదరలేదు." నాలుగు రోజులు, ఆరు రోజులు, ఒకమ్మాయి అయితే పన్నెండు రోజులు. ఇంకొందరు, ఈ మందుల వల్లే కొలెస్ట్రాల్ పెరిగిందని ఎవరో చెప్పారని కొన్నాళ్లు కావాలనే ఆపుతారు. మందు ఆపితే గుండెకు విశ్రాంతి దొరకదు. స్మార్ట్ అనే పరిశోధన 2006లో ఇదే తేల్చింది. మందులు మధ్యమధ్యలో ఆపినవాళ్లలో గుండె జబ్బులు తగ్గలేదు సరికదా, ఆపకుండా వాడినవాళ్లకంటే ఎక్కువయ్యాయి. వైరస్ తిరగబడితే రక్తనాళాల్లో ఆ వాపూ తిరగబడుతుంది.

డబ్బా గలగల చప్పుడు చేస్తుందని భయమైతే పండగ రోజులకు సరిపడా మాత్రలు తడి తగలని చిన్న డబ్బాలో వేసి కాస్త దూది పెట్టండి. రెండు రోజులవి అదనంగా ఉంచుకోండి, బస్సులు దొరకవు. ఎవరైనా అడిగితే "బీపీ మాత్ర" అనండి. చుట్టాల దగ్గర అబద్ధం చెప్పినా ఫరవాలేదు, డాక్టర్ దగ్గర చెప్పకండి. మాత్రలు అయిపోతే దగ్గర్లోని ఏఆర్‌టీ సెంటర్‌కి మీ పుస్తకం పట్టుకుని వెళ్లండి.

ఇక మిగతావి వరసగా చెబుతాను. సర్దుకుని చెప్పే ఓపిక లేదు, పండగ దగ్గరపడింది.

ఊరెళ్లేలోపు పరగడుపున కొలెస్ట్రాల్, షుగర్ పరీక్షలు, బీపీ చూపించుకోండి. పండగ తర్వాత అనకండి.

ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఒక రకం కొవ్వు) ఎక్కువున్నవాళ్లు అరిసెల కంటే మద్యంతోనే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. కోడిపందాల దగ్గర మూడు రోజులు తాగితే ఆ అంకె ఎటుపోతుందో చెప్పలేం. తాగిన రాత్రి మాత్ర కూడా మర్చిపోతారు.

ఛాతీలో మంట వస్తే గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోకండి. ఆడవాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు గుండెపోటు చాలాసార్లు నొప్పిలా రాదు. ఆయాసం, చెమట, దవడ లాగడం, వాంతి వచ్చినట్టుండడం, అంతుపట్టని నీరసం ఉంటాయి.

నిజంగా గ్యాసే అయినా, డోలుటెగ్రవిర్ వేసుకునే వేళకు యాంటాసిడ్ తాగకండి. యాంటాసిడ్‌కి రెండు గంటల ముందు గానీ, తాగిన ఆరు గంటల తర్వాత గానీ డోలుటెగ్రవిర్ వేసుకోవాలి.

షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే టీఎల్‌డీ సంగతి షుగర్ డాక్టర్‌కి చెప్పండి. డోలుటెగ్రవిర్ ఉంటే మెట్‌ఫార్మిన్ రోజుకు 1000 మిల్లీగ్రాములు దాటనివ్వరు.

మోకాలికి, వెన్నుకు స్టెరాయిడ్ ఇంజెక్షన్ వద్దు, మీ మందుల కాగితం చూపించేదాకా. రిటోనవిర్ వాడేవాళ్లలో అది వారాల తరబడి ఒంట్లో నిలిచి షుగర్, బీపీ రెండూ పెంచుతుంది.

తలనొప్పికి ఎర్గోటమిన్ ఉన్న మాత్ర రిటోనవిర్‌తో కలిపి ఎప్పుడూ వేసుకోకండి. వేళ్లకు రక్తం ఆగిపోతుంది.

అంగస్తంభనకు సిల్డెనాఫిల్ లాంటి మాత్ర వాడితే సిగ్గుపడకుండా చెప్పండి. ఛాతీ నొప్పికి నాలుక కింద పెట్టే మాత్ర దానితో కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోతుంది.

నాటు మందు, "కొలెస్ట్రాల్ పొడి", ఆన్‌లైన్‌లో ఎర్ర ఈస్ట్ బియ్యం పేరుతో అమ్మేది కొనకండి. ఆ ఎర్ర బియ్యంలో ఉండేది లోవాస్టాటిన్ లాంటి పదార్థమే.

అబాకవిర్ అనే హెచ్‌ఐవీ మందు వాడుతూ గుండె జబ్బు ఉన్నవాళ్లు ఏఆర్‌టీ డాక్టర్‌ని అడగండి, మార్చాలా అని. మీరే ఆపకండి.

స్టాటిన్ మొదలుపెట్టాక కండరాలు బాగా నొప్పి పుడితే, మూత్రం ముదురు రంగులో వస్తే, అదే రోజు ఆసుపత్రి. రేపు కాదు.

గుండె డాక్టర్ కొత్తగా ఏది రాసినా ఆ చీటీ ఏఆర్‌టీ సెంటర్‌లో చూపించండి. అక్కడ ఏది మార్చినా గుండె డాక్టర్‌కి చూపించండి. రెండు వైపులా.

కాగితం పర్సులో ఒకటి, ఫోన్‌లో ఫొటో ఒకటి. ఫోన్ తాళం తీయడం తెలిసిన మనిషి ఇంట్లో ఒక్కరైనా ఉండాలి. భార్య గానీ, భర్త గానీ, ఎదిగిన పిల్ల గానీ, మీకు స్పృహ లేకపోతే ఆ కాగితం డాక్టర్ చేతిలో పెట్టమని ఇప్పుడే చెప్పి ఉంచండి. ఎవరు పక్కన నిలబడి ఉన్నా సరే, మరిది ఉన్నా, మామగారు ఉన్నా, "డాక్టర్ గారూ, ఒక్క నిమిషం" అనమని చెప్పండి.

ఛాతీ బరువెక్కితే బండి మీద వెళ్లకండి. 108కి ఫోన్ చేయండి. అంబులెన్స్ ఎక్కగానే మందుల కాగితం వాళ్ల చేతికివ్వండి.