ఆటుపోట్లు: తిథి చూసి సముద్రం టైమ్ లెక్కేయడం ఎలా

మార్కెట్లో ఆటుపోట్లు, రాజకీయాల్లో ఆటుపోట్లు అని పేపర్లో రోజూ చదువుతాం గానీ, సముద్రం దగ్గరికి వెళ్లేవాళ్లకి ఈ మాట అసలు అర్థంలోనే పనికొస్తుంది. నీళ్లు ఒడ్డు మీదికి పెరిగితే పోటు, వెనక్కి తగ్గితే ఆటు. పోటుపాట్లు అని కూడా అంటారు. కెరటాలతో దీన్ని కలిపేయకండి, కెరటాన్ని లేపేది గాలి, పోటుని లేపేది చంద్రుడి ఆకర్షణ, దానికి తోడు సూర్యుడిది కొంత.

మన కోస్తాలో రోజుకి రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. లెక్క తేలికే: ఉదయం 8కి నిండు పోటు ఉంటే మధ్యాహ్నం 2 దాటాక నీళ్లు బాగా తగ్గుతాయి, రాత్రి 8:25 ప్రాంతంలో మళ్లీ పోటు, మర్నాడు ఉదయం 8:50కి. అంటే రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుందన్నమాట, కాబట్టి ఒక్కరోజు టైమ్ తెలిస్తే తర్వాతి రెండు మూడు రోజులకి ఉజ్జాయింపుగా మీరే చెప్పేయొచ్చు.

ఎంత ఎత్తు అనేది తిథిని బట్టి. అమావాస్య, పౌర్ణమి వెళ్లిన ఒకటి రెండు రోజులకి పోటు బాగా ఎక్కువ, అష్టమి దాటాక తక్కువ. విశాఖలో పెద్ద పోటుకీ ఆటుకీ తేడా మీటరున్నర దాకా ఉంటుంది, గుజరాత్‌లోని ఖంభాత్ సింధుశాఖలో అయితే పది మీటర్ల వరకూ!

కోరంగి మడ అడవులకి వెళ్తే ఇది కళ్లారా కనిపిస్తుంది. ఆటు సమయంలో బురదలోంచి మేకుల్లా పొడుచుకొచ్చిన శ్వాసవేర్లు బయటపడతాయి, చెట్ల మొదళ్ల మీద బురద చార ఎంత ఎత్తున ఉందో చూస్తే పోటు ఎక్కడిదాకా వచ్చిందో తెలిసిపోతుంది. బోటు ఎక్కాలంటే మాత్రం నీళ్లు ఉండాలి, అందుకే బయల్దేరే ముందే పోటు టైమ్ కనుక్కోండి. కచ్చితమైన టైములు కావాలంటే సర్వే ఆఫ్ ఇండియా పట్టికలున్నాయి, హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ (INCOIS) వెబ్‌సైట్ కూడా చూడొచ్చు.

ఇంకోటి, ఆటు టైమ్ కదా అని ధైర్యంగా లోతుకి దిగకండి, లోపలికి లాగే ప్రవాహాలు అప్పుడూ ఉంటాయి. తుపానుకి పొంగేదాన్ని ఆటుపోటు అనరు, అది ఉప్పెన. 1977 నవంబర్ 19న దివిసీమని ముంచింది అదే. ఉప్పెన వచ్చే వేళకి పోటు కూడా కలిస్తే నీళ్లు ఇంకా పైకి వస్తాయి, కాబట్టి తుపాను హెచ్చరిక ఉన్నప్పుడు ఈ తిథి లెక్కలన్నీ పక్కనపెట్టి, ఖాళీ చేయమనగానే చేసేయండి.