తడిసిన ఫుట్‌బాల్ బూట్లకు పాత పేపర్

మా అబ్బాయి బార్సిలోనాలో ఫుట్‌బాల్ క్యాంప్‌కి వెళ్ళాడు. పొద్దున్న ప్రాక్టీసు, మధ్యాహ్నం సగ్రాదా ఫమీలియా చర్చి, బీచ్ అంటూ ఊరు చూడటం. రాత్రి గదికి వచ్చేసరికి బూట్లు ఇంకా తడిగానే ఉండేవి, తెల్లారితే మళ్ళీ అవే వేసుకోవాలి. పిల్లాడికి కాళ్ళు పాచిపోతాయేమోనని ఇక్కడ విజయనగరంలో నాకు ఒకటే టెన్షన్.

వానాకాలంలో ఇంట్లో చేసేదే ఫోన్లో చెప్పాను. బురద తుడిచి, లేసులు వదులు చేసి, లోపలి అట్ట బయటికి తీసి విడిగా ఆరబెట్టాలి. ఒక్కో బూటులో రెండు పేపర్ షీట్లు వదులుగా నలిపి, వేళ్ళ దగ్గర దాకా కూరాలి. గంటకి తీసేసి పొడివి పెట్టాలి. పడుకునే ముందు ఇంకోసారి. తీసిన షీట్లు పారేయకండి, ఆరితే మర్నాటికి పనికొస్తాయి.

అక్కడ గదిలో పాత పేపర్ దొరక్కపోవచ్చు. సర్దేటప్పుడే బూట్లలో కూరి పంపండి, బట్టల కింద ఇంకో పదిహేను షీట్లు పరవండి.

జోరువానలో బాగా నానిన బూట్లు మాత్రం ఒక్క రాత్రిలో ఆరవు. అలాగని హీటర్ మీద పెడితే జిగురు వదిలి అడుగు ఊడుతుంది. ఆ రోజుకి రెండో జత ఉండాల్సిందే.