చలికాలం జీపు ట్రిప్పులు: మన సీమ కొండల్లో దారి ఎంచుకునే ముందు

దసరా అయిపోయింది, ఎండ కొంచెం తగ్గింది, ఇంక ప్రతి శుక్రవారం రాత్రి గ్రూపులో ఒకటే గోల, ఆదివారం యాడికి పోదాం అని. ఎవరో ఒకరు గూగుల్ మ్యాప్‌లో సన్నగా బూడిదరంగు గీత ఒకటి పట్టుకొస్తారు, ఇంకొకరు యూట్యూబ్ వీడియో పెడతారు, పొద్దున 5 కల్లా ఆరు బండ్లు డీజిల్ కొట్టించుకుని రెడీ. నేనూ అట్లాగే పోయినోడినే, కాబట్టి నీతులు చెప్పట్లేదు. కానీ కర్నూలు, అనంతపురం, కడప పాత జిల్లాల్లో కొన్నేళ్లు తిరిగాక నాకు అర్థమైంది ఒకటే, ఈ కొండ బండి ఎక్కుతాదా లేదా అనేది రెండో ప్రశ్న, పైన ఉండగా ఒక గంట వాన కొడితే ఇదే దారిలో కిందికి రాగలమా అనేది మొదటి ప్రశ్న. దీనికి జవాబు లేని దారి ఎంత బాగున్నా నేను వదిలేస్తా, గ్రూపులో పిరికోడు అన్నా పర్లేదు.

ఎందుకంటే మనకి ట్రిప్పుల సీజన్, ఈశాన్య రుతుపవనాలు రెండూ ఒకేసారి వస్తాయి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా బంగాళాఖాతంలో ఏది లేచినా కడప, రాజంపేట వైపు గట్టిగా తగుల్తుంది, అనంతపురం దాకా ముసురు పడుతుంది. 2021 నవంబర్ 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊర్లకి ఊర్లే మునిగినాయి, ఆ నది మామూలు రోజుల్లో చూస్తే ఒట్టి ఇసుక, పిల్లోళ్లు క్రికెట్ ఆడుకుంటారు. మన నదులు, వంకలు అన్నీ అంతే, సంవత్సరమంతా ఎండి ఉంటాయి కాబట్టి వాటిని మనం రోడ్డు అనుకుంటాం.

రెండేళ్ల కింద పులివెందుల పక్క ఒక వంక దాటి గుట్ట మీదికి పోదామని అయిదు బండ్లు ఆపి పట్టు కోసం టైర్లలో గాలి దించుతున్నాం. పక్కన వేపచెట్టు కింద మేకలు తోలుకొచ్చిన ఒక పెద్దాయన కూర్చోనున్నాడు. యాడికప్పా అన్నాడు. ఆ గుట్ట మీదికి పెద్దాయనా, దారి ఉందంట కదా అన్నా. దారి ఉండాది, నీళ్లు కూడా వస్తాండాయి గదా అన్నాడు. వంకలో చుక్క నీళ్లు లేవు, పైన ఆకాశం నీలంగా ఉంది, మావోళ్లు నవ్వినారు. రాత్రంతా ఆ పక్క మెరిసింది, మీరు చూడలేదా అని గడ్డంతో పడమటి వైపు చూపించినాడు. నాకెందుకో మనసు ఒప్పక టీ తాగి పోదాం లే అని ఆపినా. ముప్పావు గంట తర్వాత ఫస్ట్ శబ్దం వచ్చింది, టిప్పర్ నుంచి కంకర దించినట్టు. తర్వాత మలుపు దగ్గర కట్టెపుల్లలు, ప్లాస్టిక్ కవర్లు, నురగ, అన్నీ కలిసి ఒక చాపలాగా చుట్టుకుంటూ వచ్చినాయి, నీళ్లు దాని వెనకాల. పది నిమిషాల్లో నడుము లోతు. అప్పటికి మేం దాటి ఉంటే పోయేది ప్రాణం కాకపోవచ్చు, కానీ ఆ రాత్రి అవతల గుట్ట మీదే, ఇద్దరు చిన్నపిల్లలతో.

అప్పటి నుంచి నా లెక్క, పోయే దారిలో వంకలు ఎన్ని దాటాలో ముందే లెక్కేసుకోవడం, రెండు కంటే ఎక్కువుంటే వాన సూచన ఉన్న వారం ఆ దారి క్యాన్సిల్. వాన చూసేది మనం పోయే ఊర్లో కాదు, ఆ వంక పుట్టే చోట. డ్యాముల కింద ఇసుకలో అసలు దిగొద్దు, మైలవరం గేట్లు ఎత్తితే పెన్నలోకి నీళ్లు రావడానికి మన దగ్గర వాన పడక్కర్లేదు. మహీంద్రా థార్ దిగొచ్చని కంపెనీ చెప్పే నీళ్ల లోతు 650 మిల్లీమీటర్లు, అది నిలబడిన నీళ్ల లెక్క, పారే నీళ్లు మోకాలి లోతున్నా బండిని పక్కకి నెట్టేస్తాయి, కింద ఏముందో కనపడదు. ఇసుక తోడిన గుంతలు పైన చూస్తే చదునుగానే ఉంటాయి, లోపల ఊబి.

ఇంక నేల సంగతి. అనంతపురం వైపు ఎర్రనేల, గులకరాయి, వాన పడినా రెండు గంటల్లో ఇంకిపోతుంది, కొత్తోళ్లని తీసుకుపోవడానికి అదే మంచిది. కోయిలకుంట్ల, నంద్యాల చుట్టూ నల్లరేగడి, ఎండినప్పుడు సిమెంటు రోడ్డుకన్నా గట్టిగా ఉంటది, ఇరవై నిమిషాలు జల్లు పడితే చాలు టైరు గీతలన్నీ మట్టితో నిండిపోయి నాలుగు చక్రాలూ నాలుగు రాగిసంగటి ముద్దలైపోతాయి, ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నా ఏం లాభం, నాలుగూ కలిసి తిరుగుతాయి, బండి కదలదు. కొండ ఎర్రమలలో ఉన్నా కొండ దాకా పోయే పొలాల దారి రేగడిలో ఉంటే ఆ రోజు ట్రిప్పు రేగడి ట్రిప్పే, ఇది చాలామంది మర్చిపోతారు, కొండని చూస్తారు కానీ కొండ కిందున్న చేను చూడరు. పైగా చేలో శనగో జొన్నో ఉంటే, గట్టు మీద బండి ఎక్కించి తొక్కితే ఆ రైతు కర్ర తీసుకుని వచ్చినా తప్పు మనదే.

బేతంచెర్ల, కొలిమిగుండ్ల, కడప ఎర్రగుంట్ల వైపు పోతే నాపరాయి. పలకలు పలకలుగా లేచి ఉంటుంది, అంచు కత్తిలాగా ఉంటుంది. తడి నాపరాయి మీద టైరు నిలవదు. ఈ వైపు దారులు చాలావరకు క్వారీలకి వేసినవి, మ్యాప్‌లో దారి నేరుగా కనిపిస్తుంది, అక్కడికి పోతే ముప్పై అడుగుల గుంత, నిండా పచ్చనీళ్లు, గట్టు లేదు, బోర్డు లేదు. పొద్దు గుంకాక క్వారీ ఏరియాలో బండి తిప్పొద్దు. పగలైనా ఎర్రజెండా కనపడితేనో, విజిల్ వినపడితేనో ఆగిపోండి, బ్లాస్టింగ్ ఉంటాది.

అడవి గురించి కొంచెం గట్టిగానే చెప్తా. నల్లమలలో చాలా భాగం నాగార్జునసాగర్ శ్రీశైలం టైగర్ రిజర్వ్, కడప పక్కనే లంకమల శాంక్చురీ, అంతరించిపోయింది అనుకున్న కలివికోడి 1986లో మళ్లీ కనపడింది ఆ చుట్టుపక్కలే, ఆ పిట్ట బతికేది ఆ ముళ్లపొదల్లోనే, మనం సరదాగా బండి తిప్పే తుప్పలే దానికి ఇల్లు. పర్మిషన్ లేకుండా రిజర్వ్ ఫారెస్టులోకి బండి తోలడం నేరం, ఫైను కట్టి బయటపడొచ్చులే అనుకోవద్దు, బండి సీజ్ చేస్తే నెలల తరబడి రేంజ్ ఆఫీసు ముందర దుమ్ము పట్టుకుని ఉంటది. శేషాచలం, పాలకొండలు, వెలికొండలు, లంకమల, ఇవన్నీ ఎర్రచందనం కొండలు, రాత్రి పూట ఆరు బండ్లు లైన్‌గా పోతుంటే ఎర్రచందనం దొంగల్ని పట్టే టాస్క్‌ఫోర్స్ వాళ్లు మనల్ని టూరిస్టులు అనుకోవాల్సిన పనేం లేదు. నల్లమల చూడాలని ఉంటే శ్రీశైలం నుంచి ఇష్టకామేశ్వరికి జీపులు ఉన్నాయి, బైర్లూటిలో ఫారెస్టోళ్ల సఫారీ ఉంది, డ్రైవింగ్ మనది కాదనే గానీ ఆ జీపు డ్రైవర్లు ఆ రాళ్లలో తోలేది పక్కన కూర్చుని చూస్తే పది వీడియోల కన్నా ఎక్కువ నేర్చుకోవచ్చు, క్లచ్ మీద కాలు అసలు పెట్టరు.

మరి మనం తోలుకునేది యాడ అంటే, ఫారెస్టోళ్ల కిందికి రాని రెవెన్యూ గుట్టలు, ఊరి బీళ్లు, గాలిమరల దారులు. రామగిరి, నల్లకొండ వైపు గాలిమరల కోసం వేసిన మట్టిరోడ్లు రెక్కలు మోసే పెద్ద లారీలు ఎక్కేట్టు వేసినవి కాబట్టి వాలు మరీ ఎక్కువుండదు, కొత్తగా బండి కొన్నోళ్లకి మంచి బడి. కానీ అవి కంపెనీ దారులు, గేటు దగ్గర అడిగి పోవాలి, మలుపుల్లో వదులు కంకర ఉంటది, రోడ్డు వెడల్పుగా ఉందని 50లో పోతే బ్రేకు కొట్టినా బండి గోలీల మీద జారినట్టు జారుతుంది. ఏ గుట్ట అయినా సరే, హద్దురాళ్లు కనపడితే అది ఎవరిదో ఊర్లో కనుక్కోకుండా దాటొద్దు.

ఊర్లో అడగడం అనేది కూడా ఒక విద్యే. దారి ఉందా అంటే ఉండాది అంటారు, అబద్ధం కాదు, వాళ్లకి కాలిదారి కూడా దారే. బండి పోతాదా అంటే ట్రాక్టర్ పోతాది అంటారు, ట్రాక్టర్ ఎత్తు వేరు, వెనక చక్రం మన భుజం దాకా ఉంటది, థార్ కింద ఉన్న ఖాళీ 226 మిల్లీమీటర్లు, మారుతి జిమ్నీకి 210, అంటే జానెడు. కాబట్టి అడగాల్సింది వేరే, ఆఖరిసారి బండి ఎప్పుడు పోయింది, ఏం బండి, వాన పడ్డాక పోయిందా ముందు పోయిందా, దారిలో రాయి ఎత్తు యాడ ఉంది. హోటల్లో కూర్చున్న కుర్రోళ్ల కన్నా గొర్రెలు కాసేవాళ్లని అడగండి, వాళ్లు నిన్న కూడా ఆ పైన ఉన్నారు.

అడిగాక కూడా ముందు వారం ఒక్క బండిలో ఇద్దరు పోయి చూసి రావాలి, ఇది మాత్రం తప్పించుకునే పని కాదు. ఎక్కుడు దగ్గర బండి ఆపి నడవండి. నడుస్తుంటే చెయ్యి నేల మీద ఆనించాల్సి వచ్చిందంటే అక్కడ గ్రూపుని తీసుకుపోవద్దు. బండి వెడల్పుకి ఒక కర్ర కొట్టుకుని పోతా నేను, సందేహం ఉన్న చోట అడ్డం పెట్టి చూస్తా, మావోళ్లు పురోహితుడి దర్భ అంటారు దాన్ని, అననీ. బండి తిప్పుకోవడానికి చోటు యాడ యాడ ఉందో ఫోన్‌లో గుర్తు పెట్టుకోండి, రివర్సులో అరకిలోమీటరు దిగడం ఎంత నరకమో ఒకసారి దిగితే తెలుస్తుంది. దూరం చూసి మోసపోవద్దు, ఎనిమిది కిలోమీటర్ల కొండదారి ఆరు బండ్లతో మూడు గంటలు పడుతుంది, ఒకటి ఇరుక్కుంటే నాలుగు. డిసెంబర్‌లో పావు తక్కువ ఆరుకే పొద్దు పోతుంది, మేం మధ్యాహ్నం 2 అయితే యాడున్నా వెనక్కి తిప్పేస్తాం, శిఖరం ఇంకా ఫర్లాంగు దూరమే ఉన్నా సరే.

గ్రూపు విషయానికొస్తే అయిదారు బండ్లు చాలు, పది అయితే అది తిరునాళ్ల. దారి ఎంచేది ముందున్న మొనగాడి బండిని చూసి కాదు, అన్నిట్లోకి కిందికున్న బండి, అందరికన్నా కొత్త డ్రైవర్‌ని చూసి. ముందు ఒక అనుభవం ఉన్నోడు, ఆఖర్న ఇంకొకడు తాడు, కంప్రెసర్ పెట్టుకుని, కొత్తోళ్లు మధ్యలో. ఎక్కుడు మీద ఒకసారికి ఒకే బండి, అది పైకి చేరి పక్కకి తొలగే దాకా కింద బండి కదలొద్దు. అద్దంలో వెనక బండి కనపడకపోతే ఆగాల్సిందే, సిగ్నల్ ఉండదు కాబట్టి ఫోన్ చేద్దాంలే అంటే కుదరదు. దిగేటప్పుడు 4L (నాలుగు చక్రాలకీ నెమ్మదిగా, ఎక్కువ బలం ఇచ్చే గేరు), అందులో ఫస్ట్ గేర్, ఇంజినే పట్టుకుంటుంది, న్యూట్రల్ అనే మాటే మర్చిపోండి.

టైర్ల గాలి గురించి నా సొంత తెలివితక్కువతనం ఒకటి. రాళ్ల మీద 20 పీఎస్ఐ చాలు, ఇసుకలో 15 దాకా కూడా దించుతారు. నేను ఇసుకకని 15కి దించి, మళ్లీ ఎక్కించే బద్ధకంతో అట్లాగే నాపరాయి గుట్ట ఎక్కినా. ఎడమ ముందు టైరు పక్కగోడ ఉబ్బి బయటికొచ్చి ఉంది, లేచిన పలక అంచు దానికి సరిగ్గా అడ్డం. చప్పుడు పెద్దగా రాలేదు, బుస్ మని పాము బుసకొట్టినట్టు, అంతే, బండి ఒక మూల కూర్చుండిపోయింది. దిగి చూస్తే నాలుగు వేళ్లు పట్టేంత కోత, పక్కగోడకి పంచర్ వెయ్యరు, టైరు చెత్తబుట్టకే. వాలు మీద జాకీ నిలవక పలకలు పేర్చి, వెనక చక్రాలకి రాళ్లు పెట్టి స్టెప్నీ మార్చేసరికి గంటన్నర. స్టెప్నీలో గాలి ఉందా అని ఇంటి దగ్గర చూసుకున్నది ఆ రోజు చేసిన ఒక్క మంచి పని.

తాడుతో లాగేటప్పుడు జాగ్రత్త, మనుషులు చచ్చిపోయేది ఇక్కడే. చాసిస్‌కి ఉన్న హుక్కుకే కట్టాలి, బంపర్‌కో ట్రైలర్ తగిలించే గుండుకో కట్టొద్దు, తెగితే అది తుపాకీ గుండే. తాడు మధ్యలో తడిపిన గోనెసంచి వెయ్యండి, తాడు పొడుగుకి ఒకటిన్నర రెట్లు దూరంలో జనం ఉండాలి, వీడియో తీసే తమ్ముడితో సహా.

ఫిబ్రవరి దాటితే వేరే భయాలు. ఎండిన గడ్డి మీద బండి ఆపొద్దు, బీఎస్ 6 డీజిల్ బండ్లకి సైలెన్సర్ వైపు ఫిల్టర్ తనలో చేరిన మసిని కాల్చుకునేటప్పుడు వేడి విపరీతంగా ఉంటది, కింద గడ్డి అంటుకుంటే గుట్టంతా పోతుంది. కళ్యాణదుర్గం, రాయదుర్గం గుట్టల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి, సాయంత్రం బండరాళ్ల సందుల్లోకి పిల్లల్ని పంపొద్దు. బండకి వేలాడే పెద్ద తేనెపట్టు కింద హారన్ కొట్టడం, పొగ పెట్టడం, బిర్యానీ వండటం ఏదీ వద్దు. రక్తపింజర కరిస్తే కట్టు కట్టొద్దు, కొయ్యొద్దు, మనిషిని కదలనియ్యకుండా పెద్ద ప్రభుత్వాసుపత్రికే, 108కి ఎక్కడ సిగ్నల్ దొరుకుతుందో ముందు వారం దారి చూసొచ్చే రోజే చూసి పెట్టుకోండి. నీళ్లు మనిషికి అయిదు లీటర్లు, రేడియేటర్‌కి వేరే.

ఇంకొకటి, దిగొచ్చాక ఆకలి మీద నేరుగా 44వ నంబర్ హైవే ఎక్కేసి ఉగ్గాని బజ్జీ కోసం గుత్తి దాకా 100లో పోయే బ్యాచ్ ఒకటి ఉంటది. 20 గాలితో ఆ స్పీడుకి టైరు వేడెక్కి పేలిపోతుంది. కొండ కిందే, మట్టి రోడ్డు అయిపోయే చోటే ఆగి, కంప్రెసర్ తీసి నాలుగు చక్రాలకీ మళ్లీ గాలి కొట్టండి, బండికి పది నిమిషాలు, కింద పడుకుని ఆయిల్ ఏమన్నా కారుతుందా అని టార్చి వేసి చూడండి, అప్పుడు ఉగ్గాని.