కాలువ కట్టేసే లోపు ఊరి మంచినీటి చెరువు నింపుకోవడం ఎలా? (కృష్ణా డెల్టా శివారు ఊళ్ల కోసం)

మాది డెల్టాలో కాలువ చివరి ఊళ్లలో ఒకటి. బోరు వేస్తే ఉప్పునీళ్లే, అందుకని ఎండాకాలంలో కాలువ కట్టేశాక మళ్లీ వదిలేదాకా చెరువులో ఉన్నదే తాగాలి. ఒక ఏడాది మే సగానికే చెరువు అడుగంటింది, మిగిలిన కాసిన్ని నీళ్లు పచ్చగా నాచు పట్టాయి, ఏ ఇంట్లో చూసినా వాంతులు విరేచనాలు. అప్పట్నుంచి ఇదిగో ఇలా చేస్తున్నాం.

1. ముందు మన నీళ్లు ఎక్కడివో తెలుసుకోండి

కృష్ణా నీళ్లు రాష్ట్రాలకి పంచిన బచావత్ ట్రిబ్యునల్ నదిలో 2130 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) లెక్కగట్టి మహారాష్ట్ర, కర్ణాటకలకి పోను ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి 811 ఇచ్చింది, విభజన తర్వాత దాన్నే తాత్కాలికంగా ఏపీకి 512, తెలంగాణకి 299 అని పంచుకున్నారు. ఇది అందరికీ తెలిసిందే గానీ మన చెరువుకి పనికొచ్చే లెక్క వేరే ఉంది. మన కాలువలకి నీళ్లొచ్చే ప్రకాశం బ్యారేజీలో పట్టేది 3 టీఎంసీలే, పైన పులిచింతల ప్రాజెక్టులో నిండా ఉంటే 45.77. కాబట్టి బ్యారేజీ నిండుగా ఉందని నిశ్చింతగా ఉండొద్దు, ఫిబ్రవరి నుంచే పులిచింతలలో ఎంతుంది, ఇంకా పైన నాగార్జునసాగర్ మట్టం ఎంతుంది (నిండితే 590 అడుగులు, 510కి దిగితే కాలువలకి కష్టం) అని వారం వారం పేపర్లో చూసి రాసుకోండి. క్యూసెక్కులు (సెకనుకి పారే ఘనపుటడుగులు) అర్థం కాకపోతే ఒకటే గుర్తుపెట్టుకోండి, 11,500 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే దాదాపు 1 టీఎంసీ.

ఇంకోటి, చాలామంది పట్టించుకోనిది. హైదరాబాద్ మురుగు మోసుకొచ్చే మూసీ వచ్చి కృష్ణాలో కలిసేది వాడపల్లి దగ్గర, అంటే సాగర్‌కి కింద, పులిచింతలకి పైన. సాగర్ కాలువల ఊళ్లకి మూసీ నీళ్లు కలవవు, మనకి కలుస్తాయి. వానాకాలంలో పట్టిసీమ ఎత్తిపోతల నుంచి గోదావరి నీళ్లూ వస్తాయి. ఇన్ని చోట్ల నుంచి వచ్చే నీళ్లని చూసి తేటగా ఉన్నాయి తాగొచ్చు అనుకోవడం ప్రమాదం అండీ.

2. చెరువు లెక్క

ఊళ్లో 4,000 మంది ఉంటే మనిషికి రోజుకి 55 లీటర్ల చొప్పున 2.2 లక్షల లీటర్లు, 90 రోజులకి దాదాపు 2 కోట్ల లీటర్లు. రెండెకరాల చెరువైతే దీనికే ఎనిమిది అడుగుల నీళ్లు కావాలి. ఎండకి రోజుకి అర సెంటీమీటరు ఆవిరైనా మూడు నెలల్లో అడుగున్నర పోతుంది, అడుగున బురద నీళ్లు ఎలాగూ పనికిరావు. అంటే పది, పదకొండు అడుగులు నిలవాలి. పూడిక ఉంటే అంత నిలవదు, కాబట్టి నింపకముందే కర్రతో నాలుగైదు చోట్ల లోతు కొలవండి, మేం కొలవకుండా పాత రికార్డు నమ్మి మోసపోయాం.

3. నింపేటప్పుడు

కట్టేసే ఆఖరి వారం దాకా ఆగొద్దు, అప్పుడు అన్ని ఊళ్లూ ఒక్కసారే తూములు ఎత్తుతాయి, చివరివాళ్లకి రాదు. కాలువ తూములు చూసుకునే లస్కరుతో, ఇరిగేషన్ ఏఈతో (అసిస్టెంట్ ఇంజనీరు) మాట్లాడి మీ వంతు రోజులు ముందే రాయించుకోండి. పై ఊరి సర్పంచ్‌వి, కింది ఊరి సర్పంచ్‌వి ఫోన్ నంబర్లు ఒకే వాట్సాప్ గ్రూపులో ఉండాలి. కర్ణాటక వాళ్లు వదల్లేదని మనం ఎంత బాధపడతామో మన తూము దించకపోతే కింది ఊరివాళ్లు అంతే బాధపడతారు, నిండగానే దించి వాళ్లకి ఫోన్ చేయండి.

తూము ఎత్తే ముందు కాలువ నీళ్లు టీడీఎస్ మీటరుతో (నీళ్లలో కరిగిన ఉప్పులు కొలిచేది) చూడండి. పైన ఎవరైనా రొయ్యల చెరువు నీళ్లు కాలువలోకి వదిలితే నంబరు ఒక్కసారిగా పెరిగిపోతుంది, 500 లోపు ఉంటే మంచిది, వేరే దారి లేకపోతే 2000 దాకా అంటారు గానీ అంత ఉప్పదనం మూడు నెలలు ఎవరు తాగుతారు? పెరిగితే తూము దించేసి, రీడింగ్ ఫోటో, టైము, చోటు అన్నీ రాసి ఏఈకి పంపండి, నోటి మాట మీద ఎవరూ కదలరు.

4. టెస్టు, క్లోరిన్

చెరువు నీళ్లు వడకట్టే ఇసుక ఫిల్టర్ బెడ్ మూసుకుపోతే పైన రెండు మూడు సెంటీమీటర్ల ఇసుక గీసి తీయాలి. బురద నీళ్లలో క్లోరిన్ సరిగ్గా పనిచేయదు కాబట్టి ఇది తప్పదు. బ్లీచింగ్ పౌడర్ వెయ్యి లీటర్లకి 4 గ్రాములు, అంటే 40,000 లీటర్ల ట్యాంకుకి 160 గ్రాములు, బకెట్లో కలిపి సున్నం అడుక్కి దిగాక పైతేట మాత్రమే పోయండి, అరగంట ఆగి వదలండి. పౌడర్ సంచి విప్పి ఉంచితే బలం పోతుంది, వాసన లేని పౌడర్ వేయడం దండగ. సరిపోయిందో లేదో ట్యాంకు దగ్గర కాదు, ఊరి చివరి కుళాయి దగ్గర క్లోరోస్కోప్‌తో (నీళ్లలో మిగిలిన క్లోరిన్ చూపే కిట్) చూడండి, లీటరుకి 0.2 మిల్లీగ్రాములైనా ఉండాలి. నీళ్లలో మలం క్రిములున్నాయేమో తెలియడానికి నెలకోసారి హెచ్‌2ఎస్ సీసా టెస్టు చేయండి, ఒకట్రెండు రోజుల్లో నల్లబడిందంటే ఆ నీళ్లు కాచకుండా తాగొద్దని అదే రోజు మైకులో చెప్పించండి.

5. కాలువ మళ్లీ వదిలినప్పుడు

దాహం మీద ఉంటాం కాబట్టి తొలి నీళ్లకే తూము ఎత్తేస్తాం. మూడు నెలలు ఎండిన కాలువలో చెత్త, చచ్చిన జీవాలు, పొలాల మందు డబ్బాలు అన్నీ కొట్టుకొచ్చేది ఆ నీళ్లలోనే. రెండు మూడు రోజులు పోనిచ్చి, రంగు మారాక, మీటరు పెట్టి చూసుకుని అప్పుడు ఎత్తండి. ఆ మూడు రోజులకి సరిపడా నీళ్లు కూడా రెండో స్టెప్పు లెక్కలోనే కలుపుకోండి.