కోనసీమ వంటింట్లో బ్రెజిల్ చేపల కూర

దక్షిణ అమెరికా వంటల్లో మన గోదావరి వాళ్లు ముందుగా చేయాల్సింది మొకేకా అని నా అభిప్రాయం. బ్రెజిల్‌లో బహియా తీరం వాళ్ల చేపల కూర ఇది. చేప, కొబ్బరిపాలు, ఉల్లిపాయలు, టమాటాలు, క్యాప్సికం, నిమ్మకాయలు, కొత్తిమీర. అన్నీ మా రాజోలు మార్కెట్లో ఒక్క సంచిలో వచ్చేస్తాయి. మన చేతిని ఆపుకోవడమే కష్టం. అది కారం డబ్బా మీదకో, ధనియాల పొడి మీదకో దానంతట అదే పోతుంది. "చింతపండు లేకుండా చేపల కూరేంటమ్మాయ్, నీచు కొట్టదూ?" అని మా అత్తయ్య గారు మొదట్లోనే తేల్చేశారు. నీచు సంగతి నిమ్మకాయ చూసుకుంటుందండీ అని ఆవిడకి కొబ్బరికాయ అప్పగించాను.

చేప పండుగప్ప అయితే బాగుంటుంది, వంజరం రెండో మాట. కట్ల వద్దు, పిల్లలు ముళ్లు ఏరుకునేసరికి కూర చల్లారిపోతుంది. కిలో చేప ఐదారుగురికి సరిపోతుంది. ముక్క అంగుళం మందం ఉండాలి, తలకాయ విడిగా పెట్టించుకోండి. ముక్కలకి ఉప్పు, రెండు నిమ్మకాయల రసం, దంచిన వెల్లుల్లి నాలుగు రెబ్బలు పట్టించి అరగంట ఉంచండి. అంతకు మించితే పులుపుకే పైపొర తెల్లబడి గట్టిపడుతుంది. పెరూ వాళ్ల సెవిచే ఈ గుణం మీదే నడుస్తుంది. పచ్చి చేపని నిమ్మరసంలో కలిపి, పొయ్యి ఎక్కించకుండా తినేస్తారు. 2023లో యునెస్కో వారసత్వ జాబితాలోకి కూడా ఎక్కింది. మా తమ్ముడు అది చేద్దామని సరదా పడ్డాడు గానీ చెరువు చేపతో ఆ పని పెట్టుకోవద్దు. పులుపుకి చేప ఉడికినట్టు కనిపిస్తుందే తప్ప అందులో ఉండే పురుగులు, క్రిములు చావవు.

కొబ్బరిపాల దగ్గర డబ్బాలూ పొడులూ వద్దు, కోనసీమలో ఉండి అవి కొనడం నాకు నచ్చదు. ముదురు కాయ ఒకటి కత్తిపీట మీద కోరి, గ్లాసుడు గోరువెచ్చని నీళ్లు పోసి మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి, పల్చటి గుడ్డలో గట్టిగా పిండండి. ఆ చిక్కటి పాలే కూరకి. రెండోసారి పిండిన పల్చటి పాలు అన్నం ఎసట్లో పోసేయండి.

ఇక నూనె. బహియాలో పామ్ పండు నుంచి తీసిన ఎర్ర నూనె వాడతారు, దాన్ని డెండే అంటారు. ఆ చెట్టు ఆఫ్రికాది. బానిసలుగా తెచ్చిన ఆఫ్రికా వాళ్ల వంటతో పాటు ఆ రుచి బహియాలో నిలిచింది. ఏలూరు వైపు ఎటు చూసినా పామాయిల్ తోటలే, పెదవేగిలో పరిశోధన సంస్థ కూడా ఉంది. అయినా కొట్లో దొరికే ప్యాకెట్ శుద్ధి చేసింది, అందులో ఆ రంగూ ఉండదు, వాసనా ఉండదు. దాని బదులు నేను జాఫ్రా గింజలు, అంటే వంటకి ఎర్ర రంగు ఇచ్చే అన్నాటో గింజలు వాడతాను. బ్రెజిల్‌లోనే ఎస్పిరితు శాంతు రాష్ట్రం వాళ్లు మొకేకాకి వీటితోనే రంగు తెస్తారు, కొబ్బరిపాలు మాత్రం పోయరు. మూడు చెంచాల కొబ్బరినూనెలో చెంచాడు గింజలు సన్నసెగన వేడి చేసి, నూనె నారింజ రంగుకి రాగానే వడకట్టండి. గింజ నల్లబడిందా, చేదు.

వెడల్పాటి మట్టి దాక తీసుకోండి. రెండు పెద్ద ఉల్లిపాయలు, మూడు టమాటాలు, రెండు క్యాప్సికంలు చక్రాల్లా కోయాలి. ఈ పని మా ఆయనదీ పిల్లలదీ. సగం చక్రాలు అడుగున పరిచి, వాటి మీద చేప ముక్కలు, పైన మిగతా చక్రాలు, చీల్చిన పచ్చిమిరపకాయలు మూడు, కొత్తిమీర. చిక్కటి పాలు, సగం నూనె పోసి మూత పెట్టండి. చుక్క నీళ్లు పోయక్కర్లేదు, టమాటా, ఉల్లి వాటి నీళ్లు అవే వదులుతాయి. సన్నసెగ మీద ఇరవై నిమిషాలు. తెర్లిందంటే పాలు విరిగిపోతాయి. గరిటె పెట్టకండి, పులుసు దాకని తిప్పినట్టే గుడ్డతో అంచులు పట్టుకుని తిప్పండి. దించాక మిగతా నూనె, కొత్తిమీర.

పక్కన పిరావ్ లేకపోతే భోజనం సగమే. అది కర్రపెండలం పిండితో కాచిన చేపల జావ. ఉడికించుకు తినడానికి అమ్మే దుంపే కొనండి, చేదు రకం వద్దు. తొక్క పూర్తిగా తీసి, తురిమి, గుడ్డలో గట్టిగా పిండి, ఆ నీళ్లు పారబోయండి. దుంపలోని విషపదార్థం చాలావరకు వాటితోనే పోతుంది. అందుకే పచ్చిది నోట్లో వేసుకోనివ్వకండి. పిండిన తురుము మూకుట్లో పొడిపొడిగా అయ్యేదాకా వేయించాలి. తలకాయని ఉల్లిపాయ, కొత్తిమీరతో బాగా ఉడికించి వడకట్టి, నాలుగు గ్లాసుల ఆ నీళ్లు మరుగుతుండగా గ్లాసుడు తురుము కొంచెం కొంచెంగా చల్లాలి. ఒకరు చల్లుతుంటే ఇంకొకరు ఆపకుండా తిప్పాలి, లేకపోతే ఉండలు కడుతుంది. ఉప్పు చూసి, జారుగా ఉన్నప్పుడే దించేయండి, చల్లారాక చిక్కబడుతుంది.

ఓపిక ఉంటే అకరజే కూడా వేయచ్చు. బొబ్బర్లు నానబెట్టి, పొట్టు తీసి, ఉల్లిపాయ, ఉప్పుతో రుబ్బి, పిండి తేలికయ్యేదాకా గిలక్కొట్టి నూనెలో వేయడమే. బొబ్బర్ల గారెలు వచ్చిన వాళ్లకి ఇంతకన్నా చెప్పక్కర్లేదు. అల్లం, జీలకర్ర మాత్రం పడకూడదు. బహియాలో వీధుల్లో అమ్మేవాళ్లు దాన్ని మధ్యకి చీల్చి ఎండు రొయ్యలు కూరి ఇస్తారు.

చేపల పులుసులా మర్నాటికి ఉంచుదాం అనుకోకండి. కొబ్బరిపాల కూర మన ఎండలకి సాయంత్రానికే పాడైపోతుంది, వండిన పూటే దాక ఖాళీ చేసేయాలి.